చెరిపేసినా పోని డిస్కు



కంప్యూటర్‌లో కొత్తగా ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్ వేసేటప్పుడు ఒకచోట తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. డిస్కులో ఉన్నదంతా చెరిపేసి ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడుగుతుంది. అక్కడిదాకా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ వచ్చిన వేలు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఆగాల్సిందే మరి. మన ఇళ్లలో లాప్‌టాప్ ఒక్కరిది కాదు. అందులో తమ్ముడి ప్రాజెక్టు రిపోర్టు ఉంటుంది, అక్క పెళ్లి ఫొటోలుంటాయి, నాన్న ఎప్పుడో స్కాన్ చేయించి పెట్టిన పట్టాదారు పాస్‌బుక్కు ఉంటుంది. ఒప్పుకుని నొక్కామంటే అవన్నీ పోతాయి. రీసైకిల్ బిన్‌లో వెతికినా దొరకవు. అందుకే చాలామంది ఆ పనిని షాపతనికి వదిలేసి, డబ్బులిచ్చి ఓఎస్ వేయించుకుని వస్తారు.

ఆ బటన్‌ను బెరుకు లేకుండా నొక్కే ఏర్పాటు ఒకటుంది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. మీ లాప్‌టాప్‌లో విండోస్ ఎప్పటిలాగే నడుస్తుంటుంది. అందులో ఒక విండో తెరుచుకుని, ఆ విండో లోపల ఇంకో కంప్యూటర్ స్విచ్ వేసినట్టు మొదలవుతుంది. దానికి తనదంటూ ప్రాసెసర్, మెమరీ, డిస్కు, నెట్‌వర్క్ కార్డు అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. నిజానికి ఆ డిస్కు మీ హార్డ్‌డిస్కులో పడి ఉన్న ఒక ఫైలు, అంతే. డిస్కంతా చెరిపేయమని మీరు ఒప్పుకుంటే చెరిగేది ఆ ఫైలు లోపల ఉన్నది మాత్రమే. పాస్‌బుక్కు పదిలంగా ఉంటుంది.

ఈ మాటలు దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లను మనసులో పెట్టుకుని చెబుతున్నాను. విజయవాడ హైవే మీద సూర్యాపేట నుంచి, నల్గొండ నుంచి, ఖమ్మం నుంచి వచ్చే బస్సు ముందు ఎల్‌బీ నగర్‌కే చేరుతుంది. సంచి భుజాన వేసుకుని దిగినవాళ్లు కొత్తపేటలోనో, చైతన్యపురిలోనో, గడ్డిఅన్నారంలోనో మంచం వెతుక్కుంటారు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో వచ్చాక, అమీర్‌పేటలో క్లాసు, చైతన్యపురిలో నివాసం అన్నది కూడా కుదిరే పనైంది. వీళ్లలో గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివేవాళ్లు ఎంతమందో, సాఫ్ట్‌వేర్ కోర్సుల వాళ్లూ అంతమంది కనిపిస్తారు. బోర్డుల మీద లినక్స్, ఏడబ్ల్యూఎస్, డెవ్‌ఆప్స్, సైబర్ సెక్యూరిటీ అని రాసి ఉంటుంది. ఏ బోర్డు కింద చేరినా మొదటి వారంలో వినిపించే మాట ఒకటే: లినక్స్ అనే ఓఎస్ వేసుకుని రండి. చేతిలో ఉన్నదేమో ఒకే లాప్‌టాప్, అదీ ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌ది.

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటో ఈ పిల్లలకు నేను వేరే చెప్పనక్కర్లేదు, వాళ్లు అందులోనే ఉంటున్నారు. హాస్టల్ ఓనరు ఒక పెద్ద హాలును ప్లైవుడ్ చెక్కలతో నాలుగు గదులు చేస్తాడు. ఏ గదిలో ఉన్నవాడికి అది తన గదే. తలుపు వేసుకుంటాడు, గోడకు షెడ్యూల్ అతికించుకుంటాడు. ఎవరికెంత చోటు, ఎవరికెంత కరెంటు అన్నది మాత్రం ఓనరు చేతిలో ఉంటుంది. కంప్యూటర్‌లో ఆ ఓనరు పని చేసే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. తేడా ఒక్కటే. ప్లైవుడ్ అవతల పక్కవాడి ఫోను సంభాషణ మొత్తం వినపడుతుంది. ఇక్కడ వినపడదు.

ఇది కొత్తగా పుట్టిన ఊహేమీ కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం పరిశోధన కేంద్రం 1960ల నడుమ సీపీ-40 అనే వ్యవస్థ తయారుచేసింది. 1967 నాటికి అది పనిలోకి దిగింది. ఒకే పెద్ద యంత్రం మీద 14 మంది, ఎవరికి వారు పూర్తి కంప్యూటర్ తమదే అనుకుంటూ పని చేసుకునేవారు. యంత్రం ఖరీదు లక్షల డాలర్లు కాబట్టి పంచుకోక తప్పేది కాదు. 1972లో ఐబీఎం అదే ఊహ మీద కట్టిన వీఎం/370ను బయటికి తెచ్చింది. తర్వాత మనిషికో పీసీ వచ్చింది, పంచుకోవడం ఎందుకన్నారు, ఊహ మూలన పడింది. పైగా పీసీల్లో ఉండే ఇంటెల్ రకం ప్రాసెసర్లు ఈ పనికి లొంగేవి కావు. లోపలి ఓఎస్ ఇచ్చే కొన్ని ఆదేశాలు హైపర్‌వైజర్ కంట పడకుండా జారిపోయేవి. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో అనుబంధం ఉన్న కొందరు వీఎంవేర్ కంపెనీ పెట్టి, అలా జారిపోయే ఆదేశాలను నడుస్తుండగానే తిరగరాసే ఉపాయం కనిపెట్టారు. మరుసటి ఏడాదే అది మామూలు పీసీకి వచ్చింది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ ప్రాసెసర్లలోనే ఈ వెసులుబాటు కల్పించాయి. 2007లో ఇనోటెక్ అనే జర్మన్ కంపెనీ వర్చువల్‌బాక్స్‌ను సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా వదిలింది. అది 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి వెళ్లింది. చైతన్యపురి హాస్టల్లో కుర్రాడు డౌన్‌లోడ్ చేసుకునేది ఎక్కువగా దీన్నే. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నుంచి ఉచితమైంది, ఏది వాడినా ఫరవాలేదు. నేను వర్చువల్‌బాక్స్ లెక్కన చెబుతాను.

ముందు ఒక ఫిర్యాదు. చాలాచోట్ల లాబ్‌లో మొదటి రోజే తయారుగా ఉన్న మెషీన్ ఫైలు చేతిలో పెడతారు. ఇంపోర్ట్ చేయండి, ఈ పాస్‌వర్డ్ కొట్టండి, కమాండ్లు నేర్చుకోండి అంటారు. ఇన్‌స్టలేషన్‌కు ఒక పూట పోతుందని వాళ్ల లెక్క. ఈ లెక్క నాకు నచ్చదు. డిస్కును ముక్కలు చేయడం ఏమిటి, ఓఎస్‌ను లేపే బూట్‌లోడర్ ఎక్కడ కూర్చుంటుంది, మొదటి యూజర్‌కు అధికారం ఎవరిచ్చారు, నెట్‌వర్క్ ఎప్పుడు మొదలైంది, ఇవన్నీ కళ్లముందు జరిగేది ఆ ఒక్క పూటే. వండిన అన్నం తెచ్చిపెడితే బియ్యం ఎసట్లో ఎప్పుడు పడతాయో ఎలా తెలుస్తుంది?

వర్చువల్‌బాక్స్ కూడా ఈ దారే పట్టింది. 7వ వెర్షన్ నుంచి, మీరు ఉబుంటు లాంటి లినక్స్ రకాల ఐఎస్ఓ ఫైలు, అంటే ఇన్‌స్టలేషన్ డిస్కు మొత్తం ఇమిడి ఉన్న ఫైలు చూపించగానే, మిమ్మల్ని ఏమీ అడక్కుండా తానే మొత్తం ఇన్‌స్టాల్ చేసేస్తానంటుంది. దాన్ని అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్ అంటారు. మీరు పేరు మార్చకపోతే వీబాక్స్‌యూజర్ అనే యూజర్‌ను సృష్టిస్తుంది. అంతా అయ్యాక ఏదో ప్యాకేజీ వేద్దామని అడ్మిన్ అధికారంతో నడిపే సుడో కమాండ్ కొడితే, ఈ యూజర్‌కు ఆ అధికారం లేదని మొహం మీదే చెబుతుంది. అక్కడ చాలామంది తల పట్టుకుంటారు. కాబట్టి మెషీన్ తయారుచేసే మొదటి పేజీలోనే ఈ అన్‌అటెండెడ్ అన్నది వద్దని టిక్ సరిచూసుకోండి. మీరే అటెండ్ అవ్వండి.

ఇక పనిలోకి దిగుదాం. రేడియోలో తెర చూపించలేను గనక, కాలు తట్టుకునే చోట్లే చెబుతాను.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందా చూడండి. డిజేబుల్డ్ అని ఉంటే లాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడే బయాస్ అనే సెట్టింగ్స్ తెరలోకి వెళ్లాలి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కితే సాధారణంగా తెరుచుకుంటుంది. ఇంటెల్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ అనీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అనీ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి సేవ్ చేసి బయటికి రండి. ఆఫీసులు వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లలో ఇది ఆఫ్‌లో ఉండడం మామూలే.

అన్నీ సరిగ్గా ఉన్నా మెషీన్ నత్తనడక నడుస్తుంటే, వర్చువల్‌బాక్స్ విండో కింది వరసలో ఉన్న చిన్న బొమ్మలు చూడండి. అందులో ఆకుపచ్చ తాబేలు కనిపిస్తే కారణం దొరికినట్టే. విండోస్ తన సొంత హైపర్‌వైజర్‌ను ముందే నడుపుకుంటోంది, వర్చువల్‌బాక్స్ దాని మీద కూర్చుని పని చేయాల్సి వస్తోంది. విండోస్ సెక్యూరిటీలో ఉండే మెమరీ ఇంటిగ్రిటీ వల్ల కూడా ఇలా జరుగుతుంది. అది రక్షణ కోసం పెట్టిందే. ఆపేస్తే వేగం వస్తుంది, కవచం కొంత పోతుంది. బ్యాంకు పనులు కూడా అదే లాప్‌టాప్‌లో చేసుకునేవాళ్లయితే తాబేలుతో సర్దుకోమనే నా సలహా.

ఐఎస్ఓ ఫైలు సంగతి. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ దాదాపు 6 జీబీ. ఫోను ప్యాకులో రోజుకు వచ్చే డేటా ఒకటిన్నరో, రెండో జీబీ. హాస్టల్ వైఫైని అర్ధరాత్రి దాటాక నమ్ముకోవాలి, లేదంటే పక్కగది నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. తెచ్చుకోవడంలో తప్పు లేదు, లినక్స్‌ను పంచుకోమనే ఇచ్చారు. కానీ వేసే ముందు ఫైలు సరైనదో కాదో చూసుకోండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఉంది. దానితో ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి షా-256 సంఖ్య తీసి, ఉబుంటు వాళ్లు ప్రకటించిన సంఖ్యతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు పనికిరాదు. ఇన్‌స్టలేషన్ సగంలో ఆగిపోవడానికి ఇది తరచూ కనిపించే కారణం, ఎవరూ అనుమానించని కారణం కూడా.

మెమరీ దగ్గర ఆశ పనికిరాదు. 8 జీబీ ఉన్న లాప్‌టాప్‌లో లోపలి మెషీన్‌కు 4 జీబీకి మించి ఇవ్వకండి. విండోస్ కూడా బతకాలి. మొత్తం 4 జీబీయే ఉంటే ఉబుంటు డెస్క్‌టాప్ జోలికి పోవద్దు. తేలికైన లినక్స్‌లైన లుబుంటు గానీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో డెబియన్ గానీ 2 జీబీలోపు మెమరీతో నెట్టుకొస్తాయి. ప్రాసెసర్లు రెండు చాలు. డిస్కు 25 జీబీ అని రాయండి. అంత చోటూ అప్పుడే పోదు. లోపల ఎంత నింపితే బయటి ఫైలు అంత పెరుగుతుంది. అయితే లోపల తీసేసినంత మాత్రాన ఆ ఫైలు తనంతట తాను తగ్గదు, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు స్టార్ట్. భాష ఎంచుకోమంటుంది. ఇంగ్లీషుకే అలవాటుపడిన చేయి కిందికి వెళ్లదు గానీ, ఆ జాబితాలో తెలుగు ఉంటుంది. డెబియన్‌లో అయితే గ్రాఫికల్ ఇన్‌స్టాల్ అన్నది ఎంచుకుంటేనే తెలుగు కనిపిస్తుంది. అక్షరాలు మాత్రమే ఉండే నల్లతెర మీద మన గుణింతాలు, ఒత్తులు కూర్చడం కుదరదు గనక అక్కడ పెట్టలేదు. తెలుగులోకి ఇవన్నీ వాటంతట అవి రాలేదు. 2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన స్వేచ్ఛ సంస్థ, లినక్స్‌ను తెలుగులో తేవాలని పూనుకుంది. ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు తీరిక వేళల్లో కూర్చుని మెనూలనూ సందేశాలనూ ఒక్కొక్కటిగా తెలుగు చేశారు. బడిపిల్లల కోసం బాలస్వేచ్ఛ అని వేరుగా తెచ్చారు. అనువాదాలు అన్నిచోట్లా బాగున్నాయని నేననను. కొన్ని మాటలు చదివితే ఇంగ్లీషే నయం అనిపిస్తుంది. అయినా వర్చువల్ మెషీన్‌లో ఒకసారి తెలుగు వేసి చూడడానికి పోయేదేముంది? నచ్చకపోతే మార్చుకుంటారు, లేదా నచ్చని మాటను మీరే సరిచేసి పంపుతారు.

తెలుగు వేసేవాళ్లకు ఒక జాగ్రత్త. మీ పేరు అన్నచోట తెలుగులో రాసుకోవచ్చు. యూజర్‌నేమ్ మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు కీబోర్డు ఇంగ్లీషులో ఉందో లేదో చూసుకోండి. తెలుగు లేఅవుట్‌లో పాస్‌వర్డ్ కొట్టి, లాగిన్ దగ్గర ఇంగ్లీషు లేఅవుట్ వస్తే తలుపు తెరుచుకోదు. తెలుగు టైపింగ్‌ను తర్వాత సెట్టింగ్స్‌లో కీబోర్డు దగ్గర కలుపుకోవచ్చు, ఇన్‌స్క్రిప్ట్ అక్కడే ఉంటుంది.

డిస్కు చెరిపేయమంటారా అన్న ప్రశ్న ఈ దారిలోనే వస్తుంది. తెర మీద డిస్కు సైజు 25 జీబీ అని ఉందా? అయితే అది మీ ఫైలే. నొక్కండి. కానీ రెండోసారి వేసేటప్పుడు ఆ సులువు దారి వదిలి మాన్యువల్‌గా వెళ్లండి. రూట్‌కు ఒక భాగం, హోమ్‌కు ఒక భాగం, స్వాప్‌కు కొంచెం, ఇలా మీ చేతులతో కోయండి. అసలు లాప్‌టాప్‌లో విండోస్ పక్కన లినక్స్ వేసుకోవాల్సిన రోజు వస్తే వణకకుండా ఉండేది ఈ కోత నేర్చిన చేయే.

అంతా అయ్యాక, ఇన్‌స్టలేషన్ మీడియం తీసేసి ఎంటర్ నొక్కమంటుంది. పెన్‌డ్రైవ్ ఏదీ లేదే అని వెతక్కండి, ఎంటర్ నొక్కండి చాలు. మళ్లీ ఇన్‌స్టలేషన్ మొదటికొస్తే స్టోరేజ్ సెట్టింగ్స్‌లో ఐఎస్ఓ తీసేయండి. మౌస్ ఆ విండోలో చిక్కుకుపోతే కుడివైపు కంట్రోల్ కీ నొక్కితే బయటపడుతుంది. తెర చిన్నగా ఉంటే డివైసెస్ మెనూ నుంచి గెస్ట్ అడిషన్స్ వేసుకోవాలి.

అప్పుడు ఒక స్నాప్‌షాట్ తీయండి. ఆ క్షణంలో మెషీన్ ఎలా ఉందో అలా గుర్తు పెట్టుకోమని చెప్పడమే స్నాప్‌షాట్. ఇక పాడుచేయడం మొదలుపెట్టండి. నేను సరదాకి అనడం లేదు. బూట్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తీసేసి రీస్టార్ట్ చేయండి, బూట్‌లోడర్ గ్రబ్ ప్రాంప్ట్ వచ్చి నిలబడుతుంది. బూట్ అయ్యేటప్పుడు కలపాల్సిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో, లేని డిస్కు పేరు ఒకటి రాయండి, మెషీన్ ఆ డిస్కు కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది. మీ యూజర్‌ను సుడో గ్రూపులోంచి మీరే తీసేయండి, మీ ఇంట్లో మీరే అతిథి అయిపోతారు. ప్రతిదాన్నీ బాగుచేయడానికి ముందు మీరే ప్రయత్నించండి. చేతకాకపోతే స్నాప్‌షాట్ రీస్టోర్ చేసి మళ్లీ పాడుచేయండి. ఇంటర్వ్యూలో సర్వర్ బూట్ కావడం లేదు, ఏం చేస్తావని అడిగితే, చదివినవాడు జవాబు గుర్తు తెచ్చుకుంటాడు. పాడుచేసి బాగుచేసినవాడు ముందు తెర మీద ఏం కనిపిస్తోందని ఎదురు ప్రశ్న వేస్తాడు.

ఏడబ్ల్యూఎస్ కోర్సు చేసేవాళ్లకు ఇంకో మాట. అమెజాన్ తన క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ కోసం డేటా సెంటర్ల రీజియన్‌ను 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తెరిచింది. అక్కడ గంటల లెక్కన అద్దెకిచ్చే ఇన్‌స్టెన్స్‌లనే కంప్యూటర్లలో ఎక్కువ భాగం వర్చువల్ మెషీన్లే. మీ గదిలోని విండోలో నడిచేదానికీ దానికీ స్వభావంలో తేడా లేదు. కాకపోతే అక్కడ పాడుచేసినా బిల్లు వస్తుంది.

అయితే వర్చువల్ మెషీన్ చుట్టూ ఉన్న గోడలకు మనమే కిటికీలు పెట్టుకుంటాం, అక్కడ జాగ్రత్త అవసరం. షేర్డ్ ఫోల్డర్ అని ఒకటుంది. విండోస్‌లోని ఒక ఫోల్డర్‌ను లోపలి మెషీన్‌కు కూడా కనిపించేలా చేస్తుంది. లోపలినుంచి అక్కడ ఫైళ్లు తీసేస్తే విండోస్‌లో నిజంగానే పోతాయి. ఏ స్నాప్‌షాట్ కూడా వాటిని వెనక్కి తేదు. చెరిపే కమాండ్లు సాధన చేసే రోజుల్లో షేర్డ్ ఫోల్డర్ పెట్టుకోకండి, లేదంటే చదవడానికి మాత్రమే అని టిక్ పెట్టండి. నెట్‌వర్క్ కూడా నాట్ అన్న మొదటి అమరికలోనే ఉంచండి. లోపలి మెషీన్‌కు ఇంటర్నెట్ అందుతుంది, హాస్టల్ వైఫైలో ఉన్న మిగతావాళ్లకు మాత్రం అది నేరుగా కనపడదు. సైబర్ సెక్యూరిటీ నేర్చుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. హాస్టల్ వైఫై మీద ప్రయోగాలు చేయడం నేర్చుకోవడం కాదు, నేరం.

పాత లాప్‌టాప్ ఉన్న ఇళ్లకూ ఇది పనికొస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఎనిమిదో తరం కన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లున్న లాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. వాటిని తీసి పారేసే ముందు లినక్స్ మీకు సరిపోతుందో లేదో ఇలా లోపల వేసి కొన్నాళ్లు వాడి చూడండి. మీ ప్రింటర్ పలుకుతుందా, ఆఫీసు ఫైళ్లు సరిగ్గా తెరుచుకుంటాయా, అమ్మకు నచ్చుతుందా అన్నవి ముందే తెలిసిపోతాయి.

ఇక ఇది చాలు, తీసేద్దాం అనుకున్నప్పుడు వర్చువల్‌బాక్స్‌లో మెషీన్ పేరు మీద కుడి క్లిక్ చేసి రిమూవ్ అనండి. అప్పుడు రెండు దారులు చూపిస్తుంది. డిలీట్ ఆల్ ఫైల్స్ అన్నదే ఎంచుకోండి. రెండోది నొక్కితే జాబితాలో పేరు పోతుంది గానీ ఆ పెద్ద ఫైలు మీ హార్డ్‌డిస్కులో అలాగే ఉండిపోతుంది, నాలుగు నెలల తర్వాత చోటు లేదని మీరు వెతుక్కుంటారు. ఐఎస్ఓ ఫైలును మాత్రం తీయకండి, పక్కగదివాళ్లు అడుగుతారు.